పెన్సిల్వేనియా చెకుముకి తుపాకి సీజన్: తొలిసారి జింక వేటకు వెళ్లేవారు ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న – కంబర్లాండ్ లోయ

అందరికీ నమస్కారం. నేను మధ్య పెన్సిల్వేనియాలో శాశ్వత నివాసిగా ఉంటున్నాను. ఈ రాష్ట్రంలో మొదటిసారి వేట లైసెన్సు తీసుకునే ప్రతివారూ పూర్తి చేయవలసిన హంటర్-ట్రాపర్ శిక్షణ ఇటీవలే ముగించాను. సాధారణ రైఫిల్ సీజన్‌కు వెళ్లే ఉద్దేశం నాకు లేదు. క్రిస్మస్ మరునాడు మొదలై జనవరి నడిమి వరకు సాగే ఫ్లింట్‌లాక్ సీజన్‌లో, అంటే మూతి నుంచి మందు కూరి, చెకుముకి రాతి నిప్పురవ్వతో పేల్చే పాతకాలపు తుపాకికే ప్రత్యేకించిన ఆ కొద్ది రోజుల్లో, తెల్లతోక జింక వేటకు వెళ్లాలని ఉంది. మా కార్యాలయంలో పనిచేసే ఒక పెద్దాయన నన్ను వెంట తీసుకువెళ్తానన్నారు.

నా సందేహాలు ఇవి. తొలిసారి వెళ్లేవారికి ఎటువంటి తుపాకి, ఎంత మందు, ఎలాంటి గుండు అనుకూలం? ఎంత దూరం వరకు పేల్చడం న్యాయం? మంచులోనూ చినుకుల్లోనూ మందు తడవకుండా ఎలా కాపాడుకోవాలి? వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న మరొకటి ఉంది. నాలుగు వందల గజాల దూరం నుంచి కచ్చితంగా కొట్టగల ఆధునిక రైఫిల్ అందుబాటులో ఉండగా, పేలుతుందో లేదో తెలియని పాత పరికరంతో జంతువును వేటాడడం దానికి అనవసరంగా బాధ కలిగించడం కాదా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు. హెచ్-1బి వీసాపై ఉన్న నా మిత్రుడు ఒకరు కూడా రావాలనుకుంటున్నారు. ఆయన విషయంలో చట్టం ఏమంటుందో తెలిసినవారు ఉంటే అదీ తెలియజేయండి.

సమాధానం – లాంకాస్టర్ చెకుముకి

నమస్కారమండీ. మీ చివరి ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే మిగిలిన వాటికి జవాబు అందులోంచే వస్తుంది. ఈ తుపాకితో జంతువుకు బాధ కలగడమూ కలగకపోవడమూ దాదాపు పూర్తిగా మీరు ఎంచుకునే దూరంపైన ఆధారపడి ఉంటుంది. యాభై గజాల లోపల, నిలకడగా అడ్డంగా నిలబడిన జింక ముందు కాలి వెనుక, ఛాతీలో మూడో వంతు ఎత్తున తగిలిన అర అంగుళపు సీసపు గుండు ఊపిరితిత్తులను ఛేదించుకుని తరచుగా అవతలి పక్కకు వెళ్లిపోతుంది. జింక కొద్ది దూరం పరుగెత్తి పడిపోతుంది. అదే గుండు నూరు గజాలు ప్రయాణించేసరికి తన శక్తిలో సగానికి పైగా కోల్పోతుంది. గుండ్రని గుండుకు ఆధునిక తూటాలా గాలిని చీల్చుకుపోయే ఆకారం లేకపోవడమే అందుకు కారణం. కాబట్టి నేను కొత్తవారికి చెప్పే మాట ఒక్కటే: వేటకు ముందు సాధన చేసే చోట, బల్ల మీద ఆనించి కాకుండా అడవిలో నిలబడే తీరులోనే నిలబడి, లేదా మోకాలిపై కూర్చుని, భోజనపు పళ్ళెమంత లక్ష్యాన్ని మొదటి గుండుతోనే ప్రతిసారీ కొట్టగలిగే దూరం ఎంతో తేల్చుకోండి. అదే మీ హద్దు. అది నలభై గజాలైతే నలభయ్యే. అంతకు ఒక్క అడుగు ఆవల ఎంత గొప్ప కొమ్ముల జింక నిలబడినా తుపాకి దించేయాలి.

ఇక తుపాకి విషయం. ఈ తుపాకి పుట్టిల్లు మన లాంకాస్టర్ ప్రాంతమే. 18వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి వలస వచ్చిన కమ్మరులు తమ వెంట తెచ్చుకున్న పొట్టి వేట రైఫిళ్లను ఇక్కడి అడవులకు తగినట్టుగా క్రమంగా మార్చుకున్నారు. బ్యారెల్‌ను నలభై అంగుళాలకు మించి పొడిగించారు, సీసం ఆదా కావడానికి గుండు పరిమాణం తగ్గించారు, మేపుల్ కర్రతో సన్నని పిడి చెక్కారు. జేకబ్ డికర్ట్ వంటి లాంకాస్టర్ పనివాళ్ల చేతి పని ఇప్పటికీ మ్యూజియాల్లో కనిపిస్తుంది. తర్వాతి కాలంలో కెంటకీ రైఫిల్‌గా పేరుపడినది కూడా చాలావరకు ఇదే. 1974లో వేటను నియంత్రించే రాష్ట్ర సంస్థ అయిన గేమ్ కమిషన్ మూడు రోజుల పాటు, అదీ గేమ్ ల్యాండ్స్ అనే ప్రభుత్వ వేట భూముల్లో కొన్నింటికే పరిమితం చేసి ఈ ప్రత్యేక సీజన్‌ను ఆరంభించినప్పుడు, ఆ పాత నైపుణ్యాన్ని బతికించుకోవాలన్న కోరిక దాని వెనుక ఉంది. అందుకే క్రిస్మస్ తర్వాతి సీజన్‌లో పెర్కషన్ క్యాప్ (సుత్తి దెబ్బకు పేలే చిన్న లోహపు టోపీ) వాడే తుపాకులను గానీ, అక్టోబరు సీజన్‌లో చెల్లే ఇన్‌లైన్ అనే ఆధునిక మూతికూరు తుపాకులను గానీ అనుమతించరు. చెకుముకి రాయే ఉండాలి, క్యాలిబర్ (అంగుళంలో నూరో వంతుల్లో చెప్పే బ్యారెల్ లోపలి వ్యాసం) 44కు తగ్గకూడదు.

మీకు 50 క్యాలిబర్ సరిపోతుంది. గుడ్డ చుట్టిన గుండ్రని గుండే వాడదలిస్తే బ్యారెల్ లోపలి మెలిక నిదానంగా తిరిగేది, అంటే అరవై ఆరు అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది ఎంచుకోండి. నలభై ఎనిమిది అంగుళాల మెలిక కూడా పనికివస్తుంది. గుండు వ్యాసం 0.490 అంగుళం, దాని చుట్టూ నూనెగానీ కొవ్వుగానీ పట్టించిన 0.015 అంగుళాల మందపు దళసరి నూలు గుడ్డ. మందు టూ ఎఫ్ రకంలో (ఎఫ్‌ల సంఖ్య పెరిగేకొద్దీ మందు మెత్తన) డెబ్బై నుంచి తొంభై గ్రెయిన్ల (మందు కొలిచే చిన్న కొలమానం) మధ్య ఎక్కడో ఒకచోట మీ తుపాకి గుళ్లన్నిటినీ దగ్గర దగ్గరగా వేస్తుంది. ఆ మోతాదును సాధనలో ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ కనుక్కోవాలి. తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితిని ఎట్టి పరిస్థితిలోనూ దాటవద్దు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన అసలు తుపాకి మందునే కొనండి. దానికి బదులుగా అమ్మే కొత్త రకాల పొడులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి గనుక చెకుముకి రవ్వకు సరిగా అందుకోవు. పొగలేని ఆధునిక మందు మాత్రం ఒక్క చిటికెడు కూడా ఇందులో వేయకూడదు. బ్యారెల్ పగిలి ప్రాణం మీదికి వస్తుంది.

కూరేటప్పుడు రెండు జాగ్రత్తలు. మందును ఎప్పుడూ కొలత గొట్టంలో పోసుకుని అక్కడి నుంచే బ్యారెల్‌లో వేయండి, డబ్బా నుంచి నేరుగా ఒంపవద్దు. లోపల ఎక్కడైనా నిప్పు మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది. గుండు మందును ఆనుకునే దాకా దిగాలి, మధ్యలో ఖాళీ మిగలకూడదు. తుపాకి సరిగ్గా కూరి ఉన్నప్పుడు గుండును కిందికి నెట్టే ర్యామ్‌రాడ్ అనే కడ్డీ ఎంతవరకు దిగుతుందో దానిపై ఒక గీత గీసుకుంటే, గుండు పూర్తిగా దిగిందా, మరచిపోయి రెండోసారి మందు పోశామా అన్న అనుమానం రెంటికీ ఆ గీతే సమాధానం చెబుతుంది.

పేలుతుందో లేదో తెలియని పరికరం అన్నారు. సరిగా చూసుకున్న చెకుముకి తుపాకి నమ్మదగినదే. రాతి అంచు పదునుగా ఉండాలి, తోలు ముక్కలో బిగువుగా కూర్చోవాలి, రవ్వలు రాల్చే ఫ్రిజన్ అనే ఉక్కు పలక మీద జిడ్డు ఉండకూడదు. రవ్వలు పడే పాన్ అనే చిన్న గిన్నెలో పోసే రంజకం (ముందుగా అంటుకునే మందు) మెత్తని ఫోర్ ఎఫ్ రకమై, సగానికి మించకుండా, నిప్పు బ్యారెల్‌లోకి పోయే పక్క రంధ్రాన్ని పూడ్చకుండా ఉండాలి. రంధ్రం పూడితే మందు వత్తిలా నిదానంగా కాలి, ట్రిగ్గర్ నొక్కిన తర్వాత క్షణకాలం ఆలస్యంగా పేలుతుంది. ఆ క్షణంలోనే కొత్తవాళ్ల గురి చెదిరిపోతుంది. కంటికి దగ్గరగా మంట లేస్తుంది గనుక కళ్లద్దాలు తప్పనిసరి. మంటకు అదరకుండా, పొగ తేలిపోయేదాకా గురి కదపకుండా నిలబడడం అలవాటు కావాలి. ఇందుకు బ్యారెల్‌లో ఏమీ లేకుండా పాన్‌లో మాత్రమే రంజకం పోసి పేల్చే సాధన ఎంతో ఉపకరిస్తుంది.

సమాధానం – అలెగెనీ కొండలు

పై సమాధానంతో దాదాపు పూర్తిగా ఏకీభవిస్తూ వాతావరణం గురించీ అడవి గురించీ కొంత చేర్చుతాను.

వానకన్నా తేమ ఎక్కువ శత్రువు. కాలిన మందు మసి గాలిలోని తడిని పీల్చుకుంటుంది. ఒకసారి పేల్చి తుడవకుండా మళ్లీ రంజకం పోస్తే కాసేపటికే అది పాన్‌లో నల్లని ముద్దగా మారుతుంది. కాబట్టి వేట రోజున శుభ్రమైన, నూనె పూర్తిగా తుడిచిన తుపాకితోనే బయలుదేరండి, చినుకులు పడుతుంటే రంజకాన్ని తరచుగా ఊదేసి కొత్తది పోయండి, మీట యంత్రాంగం మొత్తం కప్పేలా మైనం పట్టించిన తోలు తొడుగు కట్టండి. ఇంకొక సంగతి చాలామంది గమనించరు. చలిలో తిరిగిన తుపాకిని వెచ్చని ఇంట్లోకి తేగానే ఇనుము మీద, బ్యారెల్ లోపల కూడా మంచు బిందువులు పట్టి మందు తడుస్తుంది. అందుచేత మధ్యాహ్న భోజనానికి క్యాబిన్‌కు వచ్చినప్పుడు రంజకం తీసేసి తుపాకిని బయటి చలిలోనే, తాళం వేసిన చోట, ఎవరి చేతికీ అందకుండా ఉంచాలి. పాన్‌లో రంజకం లేకపోతే పెన్సిల్వేనియా వేట చట్టం దానిని నింపని తుపాకిగానే పరిగణిస్తుంది గనుక వాహనంలో తీసుకువెళ్లవచ్చు. అయినా లోపల మందూ గుండూ ఉన్నాయన్న స్పృహ మనకు ఉండాలి. రోజు ముగిశాక గుండు బయటికి తీసిన తరువాతే ఇంటికి తీసుకువెళ్లడం నా నియమం.

దూరం విషయంలో మొదటి సమాధానం ఇచ్చినవారికన్నా నేను ఇంకా కఠినంగా ఉంటాను. పళ్ళెమంత లక్ష్యాన్ని సాధనలో కొట్టడం వేరు, చేతులు కొంకర్లు పోయే చలిలో, గుండె దడదడలాడుతుండగా కొట్టడం వేరు. సాధనలో తేలిన దూరంలో మూడింట రెండు వంతులే అడవిలో మీ హద్దుగా పెట్టుకోండి. పరుగెత్తే జింకపైన, మీకు ఎదురుగా ముఖం పెట్టి నిలిచిన జింకపైన, తల మీదికి గురి చూసి పేల్చవద్దు. కొందరు అనుభవజ్ఞులు తరుముడు వేటలో కదిలే జింకలను కొడతారు. అది వారి నైపుణ్యం కావచ్చు, కొత్తవారికి మాత్రం అది తగదని గట్టిగా చెబుతాను.

డిసెంబరు చివరికి వచ్చేసరికి ఈ జింకలు విల్లు సీజన్, రైఫిల్ సీజన్ రెండూ దాటి బతికినవి. మనిషి అలికిడి వాటికి బాగా తెలుసు. పగలంతా హెమ్లాక్ చెట్ల కింద, మౌంటెన్ లారెల్ పొదల్లో గాలి తగలని చోట పడుకుంటాయి. బాగా చలి ఉన్న రోజుల్లో ఎండ పడే దక్షిణపు వాలుల మీదికి వస్తాయి, మంచును గిట్టలతో తవ్వి ఓక్ గింజలు ఏరుకుంటాయి. అలెగెనీ జాతీయ అడవి ఐదు లక్షల ఎకరాలకు పైబడినది, రాష్ట్ర గేమ్ ల్యాండ్స్ అన్నీ కలిపి సుమారు పదిహేను లక్షల ఎకరాలు. చోటుకు కొరత లేదు. గాలికి ఎదురుగా, రెండడుగులు వేసి చాలాసేపు ఆగి చూస్తూ నడవడమే పద్ధతి. మెత్తని కొత్త మంచు పడిన రోజు దొరికితే వదులుకోవద్దు. అడుగుల చప్పుడు వినపడదు, గాయపడిన జంతువు జాడా స్పష్టంగా కనిపిస్తుంది.

పేల్చిన వెంటనే పొగ కమ్ముకుని జింక ఎటు వెళ్లిందో కనిపించదు. వంగి పొగ కింది నుంచి చూడండి, చివరిగా కనిపించిన చెట్టును గుర్తుపెట్టుకోండి, కదలకుండా అక్కడే నిలబడి ముందు తుపాకి మళ్లీ కూరుకోండి. ఆ తర్వాత కనీసం అరగంట ఆగి జాడ పట్టండి. తొందరపడి వెంబడిస్తే గాయపడి పడుకున్న జింక లేచి మైళ్ల దూరం పోతుంది. జాడ దొరికినంత వరకు వెతకడం మన బాధ్యత, చీకటి పడిందని వదిలేయడం తగదు. దొరికాక అక్కడి నుంచి కదిలించకముందే లైసెన్సుతో వచ్చే ట్యాగ్ (వేట వివరాలు రాసే చీటీ) నింపి చెవికి కట్టాలి, పది రోజుల లోపల గేమ్ కమిషన్‌కు తెలియజేయాలి. మాంసం మీ ఇంటి అవసరానికి మించితే, 1991 నుంచి వేటగాళ్లు ఇచ్చే జింక మాంసాన్ని ఆకలిగొన్నవారికి చేర్చుతున్న హంటర్స్ షేరింగ్ ద హార్వెస్ట్ సంస్థతో కలిసి పనిచేసే కసాయి దుకాణాల్లో అప్పగించవచ్చు. గుండు దిగిన దారి చుట్టూ మాంసాన్ని ధారాళంగా కోసి పారేయండి, సీసపు తునకలు ఉంటాయి. 2012లో ఈ రాష్ట్రంలో మొదట బయటపడిన క్రానిక్ వేస్టింగ్ వ్యాధి (జింకల మెదడును దెబ్బతీసే ప్రాణాంతక అంటువ్యాధి) ఉన్న మండలాల నుంచి తల, వెన్నెముక వంటి భాగాలు బయటికి తీసుకుపోవడంపై ఆంక్షలు ఉన్నాయి. మీరు వెళ్లే చోటు ఆ మండలంలో ఉందేమో ముందే చూసుకోండి.

సమాధానం – వీసా వ్యవహారాలు

మీ మిత్రుని గురించి. వలసేతర వీసాపై ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం 18వ టైటిల్ 922వ సెక్షన్‌లో సాధారణంగా నిషేధిస్తుంది. అయితే ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. నల్ల తుపాకి మందుతో మాత్రమే పనిచేసేలా తయారై, ఆధునిక తూటా వాడడానికి వీలులేని మూతికూరు రైఫిల్‌ను ఆ చట్టం పురాతన ఆయుధాల కోవలో ఉంచి తుపాకి నిర్వచనం నుంచే తప్పించింది. ఇంత మాత్రాన ధైర్యంగా వెళ్లిపొమ్మని నేను అనను. వీసా మీద ఉన్న మనిషికి ఆయుధాలకు సంబంధించిన చిన్న చిక్కు కూడా గ్రీన్ కార్డు దారిలో పెద్ద అడ్డంకి కాగలదు. రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి, ప్రతి ఒక్కరి పరిస్థితీ వేరు. వలస చట్టం తెలిసిన న్యాయవాదిని సంప్రదించిన తరువాతే ఆయన తుపాకి ముట్టుకోవాలి. అంతవరకు మీ వెంట ఊరికే నడిచి రావడం మంచిది.

సమాధానం – నల్లమల అంచు

ఈ చర్చను మన ఊళ్లలో చదివేవారు కూడా ఉంటారు గనుక ఒక మాట చేర్చడం అవసరమనిపించింది. మన అడవి గ్రామాల్లో నాటు తుపాకి అనే మూతికూరు తుపాకి ఇప్పటికీ కనిపిస్తుంది. పైకి చూస్తే చర్చిస్తున్న తుపాకికి చుట్టమే అయినా దాని బ్యారెల్ లోపల మెలికలు ఉండవు, గురి నిలకడగా ఉండదు. పంట కాపలా కోసం మూతికూరు తుపాకికి లైసెన్సు పొందే వీలు 1959 నాటి ఆయుధ చట్టంలో ఉంది. అది జింకను కొట్టడానికి అనుమతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద చుక్కల దుప్పి, కణుజు, కృష్ణజింక దేనినీ వేటాడరాదు. చుక్కల జింక తెలంగాణకు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువులు.

పెన్సిల్వేనియాలో పరిస్థితి వేరు. 1900 నాటికి ఆ రాష్ట్రంలోనూ జింకలు దాదాపు అంతరించాయి. 1895లో ఏర్పడిన గేమ్ కమిషన్ వేటను కట్టడి చేసి, 1906 నుంచి బయటి రాష్ట్రాల జింకలను తెచ్చి వదలడం వల్లనే అవి తిరిగి పెరిగాయి. ఇప్పుడు లేత మొక్కలన్నీ మేసేసి అడవి తిరిగి మొలవకుండా చేసేటంతగా కొన్ని చోట్ల వాటి సంఖ్య ఉంది. తోడేళ్లూ కౌగర్లూ లేని ఆ అడవిలో నియమబద్ధమైన వేటకు ఒక పని ఉంది. పులీ రేసుకుక్కా ఉన్న మన నల్లమలలో చుక్కల దుప్పి వాటి ఆహారం, మనది కాదు. అక్కడ వేట నేర్చుకుని సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ ప్రదర్శించాలనే ఆలోచన ఎవరికీ రాకూడదని మనసారా కోరుతున్నాను.

కంబర్లాండ్ లోయ

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మా మిత్రునికి న్యాయవాదిని కలవమని చెప్పాను. నల్లమల వారు చెప్పినది నూటికి నూరుపాళ్లూ నిజం. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. జనవరిలో మగ జింకలు కొమ్ములు రాల్చేస్తాయని విన్నాను, అప్పుడు ఏది మగదో ఏది ఆడదో ఎలా లెక్కించాలి? తుపాకి శుభ్రం చేయడం మరునాటికి వాయిదా వేయవచ్చా?

లాంకాస్టర్ చెకుముకి

చట్టం చూసేది కొమ్ములనే, లింగాన్ని కాదు. కొమ్ములు లేకపోయినా, రెండు కొమ్ములూ మూడేసి అంగుళాలకన్నా పొట్టిగా ఉన్నా అది కొమ్ములు లేని జింక కిందికే వస్తుంది. మూతికూరు లైసెన్సు తీసుకుని, మీ సాధారణ లైసెన్సుతో వచ్చిన కొమ్ముల జింక ట్యాగ్ ఇంకా వాడకుండా ఉంటే, క్రిస్మస్ తర్వాతి ఫ్లింట్‌లాక్ సీజన్‌లో ఆ ట్యాగ్‌తో కొమ్ములు లేని జింకనైనా తీసుకోవచ్చు. కొమ్ముల జింకకైతే చాలా యూనిట్లలో (వేట నియమాల కోసం రాష్ట్రాన్ని విభజించిన ప్రాంతాల్లో) ఒక పక్కనైనా కనీసం మూడు కొనలు ఉండాలన్న నియమం ఉంది, కొన్నిచోట్ల లెక్కించే తీరు వేరు. నియమాలు ఏటా సవరిస్తారు గనుక ఆ సంవత్సరపు లైసెన్సుతో పాటు వచ్చే నియమావళి చదవకుండా అడవిలో అడుగు పెట్టవద్దు. నా సలహా అడిగితే, మొదటి ఏడాది కొమ్ములు లేని జింకతోనే తృప్తిపడండి. కొనలు లెక్కపెట్టే హడావుడి లేకుండా దూరం మీద, గురి మీద మనసు నిలుస్తుంది.

శుభ్రం చేయడం మాత్రం ఆ రాత్రే జరగాలి. కాలిన మందు మసి తడి పీల్చి ఇనుమును తినేస్తుంది, ఒక్క రాత్రిలోనే బ్యారెల్ లోపల తుప్పు మొదలవుతుంది. ఖరీదైన ద్రావకాలు అక్కరలేదు. గుండూ మందూ లోపల లేవని నిర్ధారించుకుని, పక్క రంధ్రాన్ని చిన్న పుల్లతో మూసి, గోరువెచ్చని నీళ్లు బ్యారెల్‌లో పోసి కాసేపు ఉంచి పారబోయండి. తర్వాత సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డముక్కలను మసి రావడం ఆగేదాకా లోపల ఆడించండి, పొడి గుడ్డతో తుడిచి పలచగా నూనె పట్టించండి. లాక్‌ను (రాయి, ఫ్రిజన్ ఉన్న మీట యంత్రాంగాన్ని) కర్ర నుంచి విడదీసి పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, ఆరాక చుక్క నూనె వేయండి. మరునాడు ఇంకొక పొడి గుడ్డ దించి చూడండి. గోధుమ రంగు అంటితే తుప్పు మొదలైనట్టే, మళ్లీ కడగాలి. మీరు లాంకాస్టర్ వైపు రాగలిగితే సాధనకు నా పాత 50 క్యాలిబర్ తుపాకి వాడుకోవచ్చు. కొనడానికి ముందు పొడవైన బ్యారెల్ బరువు మీ భుజానికి ఎలా కుదురుతుందో తెలుస్తుంది.